రాజుగారి స్నానాల గదిలో ఎవరున్నారు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

వెయ్యేళ్ల కిందటి కాన్‌స్టాంటినోపుల్ (బైజాంటైన్ సామ్రాజ్య రాజధాని, ఇప్పటి ఇస్తాంబుల్) రాజమందిరంలో జరిగే డిటెక్టివ్ నవలలంటే నాకెందుకంత పిచ్చో పోయిన నెల ఈ శీర్షికలో నాలుగు ముక్కలు రాశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే ఉన్నాయి. కాబట్టి ఈ నెల జవాబులన్నీ దానికే. కొత్తగా చదువుతున్నవాళ్లకు ఒక మాట: నేను చరిత్ర ప్రొఫెసర్‌ని కాను. సెషన్స్ కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. పంచనామాలు, వాంగ్మూలాలు చదివి చదివి పాడైన కళ్లతోనే చరిత్ర కూడా చదువుతాను.

తెనాలి నుంచి ఒక పాఠకురాలు: ఆ నవలల్లో పేజీకొకరికి విషం పెడతారు. అదంతా నిజమేనా, రచయితల మసాలానా? నిజంగా జరిగి, ఇప్పటికీ తేలని కేసు ఒకటి చెప్పండి.

అమ్మా, రచయితలు కలిపింది తక్కువే. ఆ సింహాసనం ఎక్కినవాళ్లలో చాలామందికి మంచం మీద ప్రశాంతంగా పోయే యోగం లేదు. కళ్లు పోగొట్టుకున్నవాళ్లు, ముక్కు కోయించుకున్నవాళ్లు, గుండు గీయించి మఠంలో పడేస్తే అక్కడే ముసలివాళ్లయినవాళ్లు బోలెడంత మంది. 797లో ఐరీన్ అనే రాణి సొంత కొడుకు ఆరో కాన్‌స్టాంటైన్ కళ్లు తీయించింది. అతను పుట్టిన గదిలోనే ఆ పని జరిగిందని రాసిపెట్టారు. ఇంతకంటే మసాలా ఏ నవలా రచయిత కలపగలడు?

మీరడిగిన తేలని కేసు మూడో రోమనోస్ చక్రవర్తిది. చనిపోయింది 1034 ఏప్రిల్ 11న, గుడ్ ఫ్రైడే ముందురోజు గురువారం.

ముందు కుటుంబం సంగతి. ఎనిమిదో కాన్‌స్టాంటైన్‌కు మగపిల్లలు లేరు. 1028లో చావుబతుకుల మధ్య ఉండి, కూతురు జోయీని రోమనోస్ ఆర్గిరోస్ అనే పెద్దమనిషికి కట్టబెట్టాడు. ఆ పెద్దమనిషికి అప్పటికే భార్య ఉంది. ఆవిడ మఠంలో చేరిపోవలసి వచ్చింది. పెళ్లికూతురికి యాభై, పెళ్లికొడుక్కి అరవై. వాళ్లకు పిల్లలు పుట్టలేదు. పుట్టరని తేలాక రోమనోస్ ఆవిణ్ణి పట్టించుకోవడం మానేశాడు, ఖజానా దగ్గరికి రానివ్వకుండా ఏడాదికింతని ఖర్చులకిచ్చి సరిపెట్టాడు. తాతముత్తాతల నుంచి వచ్చిన ఇంట్లో, నిన్న మొన్న వచ్చిన మొగుడు భత్యమిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇక్కడ అన్నదమ్ములిద్దరు ప్రవేశిస్తారు. పెద్దవాడు జాన్. నపుంసకుడు, వేసుకునేది సన్యాసి బట్టలు, రాజుకు బాగా దగ్గరివాడు. తర్వాత ఊళ్లోని అనాథాశ్రమానికి అధికారి అయ్యాడు, చరిత్రలో ఆ ఉద్యోగం పేరుతోనే మిగిలాడు. తమ్ముడు మైకేల్ చిన్నవాడు, అందగాడు, మూర్ఛరోగి. తమ్ముణ్ణి కొలువులో పెట్టింది అన్నే. జోయీ మైకేల్ మీద మనసుపడింది. విషయం అందరికీ తెలిసిపోయింది, ఒక్క మొగుడికి తప్ప. తెలియలేదో, తెలిసీ ఊరుకున్నాడో! రాణి పక్కన పడుకుని ఉండగానే మైకేల్‌ను పిలిచి కాళ్లు పట్టించుకునేవాడట. సోదరి పుల్కేరియా హెచ్చరించింది. రాజు కుర్రాణ్ణి పిలిచి నిలదీశాడు. అతను పవిత్ర అవశేషాల మీద ఒట్టు వేసి అబద్ధమన్నాడు. రాజు నమ్మేశాడు.

ఆ తర్వాత రోమనోస్‌కు జబ్బు చేసింది. మొహం ఉబ్బింది, ఆయాసం, జుట్టు రాలిపోయింది. గురువారం తెల్లవారకముందే లేచి, మామూలుగానే నడిచి స్నానాలకు వెళ్లాడు. తల కడుక్కున్నాడు, మధ్యలో లోతుగా ఉన్న కొలనులో దిగి హాయిగా ఈదాడు. కాసేపటికి కొందరు పరివారం లోపలికి వెళ్లారు, తరవాత బయటికి వచ్చేశారు. ఆ తర్వాత చూస్తే రాజు నీళ్ల మీద తేలుతున్నాడు, కొన ఊపిరితో చెయ్యి చాచాడు. ఎవరో జాలిపడి ఎత్తి తెచ్చి పడుకోబెట్టారు. జోయీ వచ్చింది, చూసింది, వెళ్లిపోయింది. రాజు మాట పడిపోయి సైగలు చేశాడు. ఎవరికీ అర్థం కాలేదు. నోట్లోంచి నల్లగా గడ్డకట్టిన పదార్థమేదో వచ్చింది, రెండు మూడు ఎగశ్వాసలతో ప్రాణం పోయింది.

గుడ్ ఫ్రైడే ప్రార్థనల మధ్యలో పేట్రియార్క్ (అక్కడి చర్చికి అధిపతి) అలెక్సియోస్‌కు రాజమందిరం నుంచి కబురు. వెళ్లి చూస్తే జోయీ పెళ్లికూతురు, మైకేల్ పెళ్లికొడుకు. ఆయన నిర్ఘాంతపోతే యాభై పౌన్ల బంగారం ఆయనకు, ఇంకో యాభై ఆయన కింది మతాధికారులకు అందాయని స్కైలిట్జెస్ అనే చరిత్రకారుడు రాశాడు. పెళ్లి జరిగింది.

మీరంతా ఇప్పటికే తీర్పు చెప్పేసి ఉంటారు. కాస్త ఆగండి, ఫైలు తిరగేద్దాం.

ప్రధాన సాక్షి మైకేల్ ప్సెల్లోస్. అప్పటికి పదహారేళ్ల కుర్రాడు, తర్వాత పెద్ద పండితుడూ మంత్రీ అయ్యాడు. అతను కళ్లారా చూసింది రెండే. ఊరేగింపుల్లో నడిచే శవంలా ఉన్న రాజును చూశాడు. తర్వాత పాడె మీద శవాన్ని చూశాడు. ఆ ఉబ్బు మామూలు శవాల ఉబ్బులా లేదని, విషం తాగినవాళ్లను గుర్తుచేసిందని రాశాడు. మొదట మందులు పెట్టారని, తర్వాత హెల్లెబోర్ అనే విషపు మొక్కను కలిపి ఇచ్చారని విన్నది కూడా రాశాడు. స్నానాల గదిలో పరివారం రాజు తలను నీళ్లలో నొక్కిపెట్టారన్న మాట దగ్గర మాత్రం జాగ్రత్తపడ్డాడు. అలా చెప్పుకుంటున్నారన్నాడే గాని, తాను ప్రమాణం చేసి చెప్పలేనన్నాడు. 1872 సాక్ష్య చట్టం అరవయ్యో సెక్షన్ తెలిసినవాడిలా రాశాడనిపించి నాకు ముచ్చటేసింది. చూసినవాడే చూశానని చెప్పాలి, విన్నవాడి మాట చెల్లదు.

ఇంకో చిక్కుంది. విషం పనిచేస్తూనే ఉంటే నీళ్లలో ముంచడం దేనికి? తొందరపడ్డారా? లేక ఒక పుకారు మీద ఇంకో పుకారు తర్వాత అతికిందా? ఎన్నో నెలలుగా ఉబ్బిపోయి, ఆయాసపడుతున్న అరవై దాటిన మనిషి వేడినీళ్ల స్నానం చేసి ఈతకు దిగితే గుండె ఆగిపోవడానికి హంతకుడే అక్కర్లేదు. ఇక ఆ రాత్రి పెళ్లి సంగతి. సిగ్గుమాలిన పని, ఒప్పుకుంటాను. కానీ ఖాళీ సింహాసనం ఆ ఊళ్లో వారం రోజులుంటే ఎన్ని కత్తులు బయటికొస్తాయో జోయీకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. పెళ్లికి తొందరపడ్డంత మాత్రాన హత్య రుజువైపోదు.

మన కోర్టుల్లో మాట పడిపోయినవాడు చేసిన సైగలు కూడా మరణ వాంగ్మూలమే, 1885లో అలహాబాద్ హైకోర్టు ఆ మాట తేల్చింది. ఆ గదిలో రోమనోస్ వాంగ్మూలం ఇచ్చాడు. దాన్ని చదవగలిగినవాడు లేడు, లేదా చదివినవాడు నోరెత్తలేదు. ప్సెల్లోస్ పేరు రాయకుండా వదిలేసిన ఒక మనిషున్నాడు, రాజును నీళ్లలోంచి ఎత్తి తెచ్చినవాడు. నన్నడిగితే మొదటి సమన్లు అతనికి పంపాలి.

నా తీర్పు కావాలంటే, సంశయ లాభం జోయీకి ఇస్తాను. జాన్‌కు ఇవ్వను. ఆ తెల్లవారుజామున స్నానాల గది దగ్గర డ్యూటీలో ఎవరుండాలో నిర్ణయించే పలుకుబడి ఆవిడ కంటే అతనికే ఎక్కువ.

విశాఖపట్నం నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి: అంత కాపలా ఉన్న రాజమందిరంలోకి హంతకులు ఎలా చొరబడతారు? నవలల్లో ప్రతిసారీ రహస్య సొరంగం ఉంటుంది. బోర్ కొడుతోంది సార్.

నాకూ బోరే. సొరంగం తవ్వే రచయితకు తలుపు సంగతి తెలియదన్నమాట. ఆ రాజమందిరంలో అసలు అధికారమంతా తలుపుల దగ్గరే ఉంది. పాపియాస్ అనే అధికారి చేతిలో తాళంచెవులు ఉండేవి. పొద్దున తలుపులు తెరిచేది అతనే, కొలువు ముగిసిందని తాళంచెవులు గలగలలాడించి చెప్పేదీ అతనే. రాత్రి రాజు గదిలోనే ఇంకో ఆంతరంగికుడు పడుకునేవాడు. చాలా కాలం ఆ ఉద్యోగం నపుంసకులదే. సేనాపతులు కూడా లోపలికి పోవాలంటే వాళ్ల మొహం చూడాల్సిందే.

969 డిసెంబరు 10 రాత్రి చూడండి. చక్రవర్తి నికెఫోరోస్ ఫోకాస్ మహా యోధుడు, తిండీ నిద్రా కూడా సన్యాసిలా. జనానికి తన మీద కోపంగా ఉందని తెలిసి రాజమందిరం చుట్టూ గోడ కట్టించుకున్నాడు. ఆ సాయంత్రం ఒక మతాధికారి అతనికి చీటీ అందించాడు: ఈ రాత్రి నిన్ను చంపుతారు, అంతఃపురం గాలించమని. రాజు గాలించమన్నాడు. గాలించడానికి వెళ్లిన నపుంసక అధికారి అన్ని గదులూ చూశాడు, హంతకులు దాక్కున్న గది ఒక్కటి వదిలేశాడు. రాణి గారి మీద గౌరవమో, ఇంకేమైనానో. ఇక రాణి థియోఫానో రాజుతో, కొత్తగా వచ్చిన బల్గేరియా రాకుమార్తెలను చూసి వస్తానని, తలుపు గడియ పెట్టవద్దని, తిరిగొచ్చి తానే వేస్తానని చెప్పి వెళ్లింది.

బయట మంచు, గాలి. సేనాపతి జాన్ జిమిస్కెస్ చిన్న పడవలో సముద్రం వైపు గోడ కిందికి వచ్చాడు. పైనుంచి తాళ్లతో బుట్ట దించారు. ఒక్కొక్కళ్లనూ బుట్టలో కూర్చోబెట్టి లాగారు, చివరగా జిమిస్కెస్ ఎక్కాడు. ఇంతా చేసి గదిలోకి పోతే మంచం ఖాళీ! కుట్ర బయటపడిందనుకుని కొందరు సముద్రంలో దూకబోయారట. అంతఃపుర సేవకుడొకడు చెయ్యి చూపించాడు. రాజు నేల మీద, చిరుతపులి చర్మం పరుచుకుని నిద్రపోతున్నాడు.

సొరంగం ఎక్కడైనా కనిపించిందా బాబూ? గడియ వేయని తలుపు ఒకటి, వెతకని గది ఒకటి, ఒక బుట్ట. నిద్రపోయే చోటు మార్చుకోవడం ఒక్కటే ఆ రాజు చేసిన తెలివైన పని. అదీ ప్లాను వేసి చేసింది కాదు, అలవాటు.

కరీంనగర్ నుంచి ఒక రచయిత: నేనూ ఇలాంటి సీరియల్ మొదలుపెట్టాను. డిటెక్టివ్ ఎవరైతే బాగుంటుంది? రాజు దగ్గర పనిచేసే నపుంసకుణ్ణి పెడితే పాఠకులు నవ్వుతారని మా మిత్రులు అంటున్నారు.

నవ్వేలా రాస్తే నవ్వుతారు. మీ మిత్రులు సినిమాల్లో చూసిన వెకిలి వేషాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నారు. ఆ కొలువులో ఈ అధికారులు మంత్రులు, సేనాపతులు, ఖజానాదార్లు. ఆరో శతాబ్దపు చక్రవర్తి జస్టీనియన్ కాలంలో ఇటలీని గెలిచిన నార్సెస్ నపుంసకుడే. 532లో నైకా తిరుగుబాటు జరిగినప్పుడు, గుర్రపు రథాల పందేల మైదానంలో తిరగబడ్డ జనం మధ్యలోకి బంగారం పట్టుకెళ్లి, నీలం జట్టు అభిమానులను మెల్లగా విడదీసింది కూడా అతనే. ఆ తర్వాత అదే మైదానంలో ముప్పై వేల మందికి పైగా చనిపోయారని ఆ కాలపు చరిత్రకారుడు ప్రొకోపియస్ లెక్క.

రాజులు వాళ్లను ఎందుకు నమ్మేవాళ్లంటే, అంగవైకల్యం ఉన్నవాడు చక్రవర్తి కావడానికి పనికిరాడన్నది అక్కడి కట్టుబాటు. శత్రువుల కళ్లు తీయించడం వెనక లెక్క కూడా అదే. నపుంసకుడు సింహాసనం ఎక్కలేడు, పిల్లలు ఉండరు. కానీ తమ్ముళ్లూ మేనల్లుళ్లూ ఉంటారని రాజులు మరిచిపోయేవారు. పైన చెప్పిన జాన్ తానెక్కలేని సింహాసనం మీద మొదట తమ్ముణ్ణి, తమ్ముడి తర్వాత మేనల్లుణ్ణి కూర్చోబెట్టించాడు. ఆ మేనల్లుడే ఎక్కీ ఎక్కగానే మామను రాజధాని నుంచి పంపించేశాడు.

ఈ జాన్ గురించి ప్సెల్లోస్ రాసింది చదివితే నాకు ఒళ్లు జలదరించింది. అర్ధరాత్రి చెప్పాపెట్టకుండా ఊరంతా తిరిగేవాడట. విందుల్లో బాగా తాగేవాడు, కానీ ఎంత మత్తులోనూ పక్కవాళ్ల మాటలు మరిచిపోయేవాడు కాదు, మర్నాడు పిలిచి సంజాయిషీ అడిగేవాడు. జనం అతను మామూలుగా ఉన్నప్పటి కంటే తాగినప్పుడే ఎక్కువ భయపడేవారట. ఇలాంటి ఒక మనిషిని డిటెక్టివ్‌గా పెడతారో, డిటెక్టివ్‌కు ఎదురుగా పెడతారో మీ ఇష్టం.

నా సొంత ఓటు మాత్రం నోటరీకి. నవ్వకండి, గుమాస్తా గుమాస్తానే వెనకేసుకొస్తాడు. పదో శతాబ్దం మొదట్లో ఆ నగరంలో వృత్తి సంఘాల నియమాల పుస్తకం ఒకటి తయారైంది. నగరాధికారి ఎపార్క్ అజమాయిషీలో ఉండే సంఘాలవి. దానిలో మొట్టమొదటి అధ్యాయం నోటరీలదే. ఆ ఉద్యోగం కావాలంటే న్యాయ సంగ్రహంలోని నలభై అధ్యాయాలూ కంఠతా రావాలి, బసిలికా అనే చట్టాల సంపుటిలోని అరవై పుస్తకాలూ తెలిసుండాలి! వీలునామాలు, అమ్మకం దస్తావేజులు, కట్నం కాగితాలు అన్నీ అతని చేతి మీదుగానే పోతాయి. ఎవరి చావు వల్ల ఎవరికి ఏం దక్కుతుందో అందరికంటే ముందు అతనికే తెలుస్తుంది. పైగా మీ కథకు అవసరమైన అసలు టెన్షన్ వస్తుంది, ఎందుకంటే అతనికి రాజమందిరంలోకి దారి లేదు. లోపలికి తీసుకెళ్లడానికి ఎవరో ఒకరు కావాలి. గొడ్డలి పట్టుకునే వరాంగియన్ కాపలావాడు ఎలా ఉంటాడు? ఉత్తరదేశాల నుంచి వచ్చినవాడు, ఊరు కొత్త. అతను అడిగే ప్రశ్నలకు చెప్పే జవాబులతో పాఠకుడికీ ఊరు అర్థమవుతుంది.

ఒక్క హెచ్చరిక. వేలిముద్రలు, శవపరీక్ష లాంటి ఆలోచనలు అతని నోట పెట్టకండి. అక్కడ విచారణంటే ముందు బానిసలను హింసించడం. మీ నోటరీ దాన్ని చూసి ఏం చేస్తాడన్నదే మంచి సీను.

హైదరాబాద్ నుంచి ఒక లెక్చరర్: ప్రతి కథలోనూ విషం పెట్టేది రాణే. ఇది ఆ కాలపు మగ చరిత్రకారుల ఏడుపు కాదా? మీరూ అదే పాట పాడుతున్నారు.

సగం ఒప్పుకుంటాను మేడమ్. థియోఫానో సంగతే చూడండి. హత్య చేయించింది జిమిస్కెస్, బుట్టలో ఎక్కిందీ అతనే. పేట్రియార్క్ పాలియెక్టోస్ అతనికి కిరీటం పెట్టడానికి షరతులు పెట్టాడు: రాణిని వెళ్లగొట్టు, చంపినవాడి పేరు చెప్పు. అతను రాణిని ద్వీపానికి పంపాడు, తన తోటివాళ్ల పేర్లు చెప్పాడు. క్రిస్మస్ రోజున కిరీటం పెట్టించుకున్నాడు. రెండు వారాల్లో హంతకుడు చక్రవర్తి, రాణి ఖైదీ. చరిత్ర పుస్తకాల్లో మటుకు ఆవిడే కుట్రకు తల్లి.

జస్టీనియన్ రాణి థియోడోరా మీద ప్రొకోపియస్ రాసిన బూతు పురాణం ఇంకో తరహా. బతికుండగా బయటపెట్టే ధైర్యం లేక దాచుకున్నాడు. వాటికన్ గ్రంథాలయంలో దొరికి 1623లో అచ్చయింది. వెయ్యేళ్ల తర్వాత బయటపడ్డ ఆకాశరామన్న ఉత్తరం అనుకోవచ్చు. అలాంటి ఉత్తరాలను ఆధారంగా తీసుకుంటే నేను చూసిన ఏ కేసూ నిలబడేది కాదు.

కానీ మిగతా సగం ఒప్పుకోను. ఈ ఆడవాళ్లను ఉత్త అమాయకులుగా చేస్తే వాళ్ల తెలివిని అవమానించినట్టే. 541లో థియోడోరా, సేనాపతి బెలిసారియస్ భార్య ఆంటోనినా కలిసి కప్పడోసియా జాన్ అనే ఆర్థికమంత్రిని పడగొట్టిన తీరు చూడండి. ఆంటోనినా ముందు మంత్రి కూతురు యుఫీమియాతో స్నేహం చేసింది. జస్టీనియన్ మీద తన భర్తకు కోపముందని, లోపల సాయం చేసేవాళ్లు దొరికితే బాగుండని ఆ పిల్ల చెవిన వేసింది. పిల్ల తండ్రికి చేరవేసింది. ఊరి బయట ఒక తోటబంగళాలో అర్ధరాత్రి భేటీ. గోడ అవతల నార్సెస్, మార్సెల్లస్ సైనికులతో సహా నక్కి వింటున్నారు. మంత్రి నోరు జారాడు. గొడవలో తప్పించుకున్నాడు గాని, నేరుగా రాజు దగ్గరికి పరిగెత్తకుండా చర్చిలో దాక్కుని తన మెడకు తానే ఉచ్చు బిగించుకున్నాడు. విషం లేదు, కత్తి లేదు. మన పోలీసులు దీన్నే ట్రాప్ కేసు అంటారు.

జోయీ గురించి కూడా ఒక ముక్క. ముసలితనంలో ఆవిడకు నగల పిచ్చి లేదు, పట్టుబట్టల పిచ్చి లేదు, అత్తర్లు తయారుచేయడమే పిచ్చి. ఎండాకాలంలో కూడా గదినిండా నిప్పుల కుంపట్లు, చుట్టూ దాసీలు నూరుతూ కలుపుతూ ఉండేవారట. మన దేశం నుంచి పోయిన ఘాటైన మూలికలంటే మరీ ఇష్టమట. నవలా రచయితకు ఇది బంగారు గని. మూలికలు కలపడం వచ్చిన రాణి, విషం తాగినట్టు ఉబ్బిన మొగుడు! అయితే ఈ కుంపట్ల కథ ఆవిడ మూడో మొగుడి కాలంలోది. దాన్ని పట్టుకెళ్లి మొదటి మొగుడి చావుకు అతికిస్తే డిఫెన్సు లాయరు లేచి నిలబడతాడు.

గుంటూరు నుంచి: ఆ రాజ్యం వాళ్లు తమను బైజాంటైన్లనే పిలుచుకునేవారా?

లేదు. రోమన్లమనే చెప్పుకునేవారు, మాట్లాడింది గ్రీకు అయినా. మీ కథలో పాత్ర చేత ‘మన బైజాంటైన్ సామ్రాజ్యం’ అనిపించకండి.

డాలస్ నుంచి ఒక పాఠకురాలు: వేసవిలో పిల్లలతో ఇస్తాంబుల్ వెళ్తున్నాం. మీరు చెప్పే ఈ నేరస్థలాల్లో చూడగలిగినవేమైనా మిగిలాయా?

పాత మహా రాజమందిరం చాలామటుకు పోయిందమ్మా, దాని మీద తర్వాతి కట్టడాలు లేచాయి. కానీ మర్మరా సముద్రం ఒడ్డున బుకోలియన్ భవనం గోడ ఒకటి, పాలరాతి చట్రాల కిటికీలతో మిగిలి ఉంది. బుట్ట దించింది ఆ చుట్టుపక్కలే. పిల్లలను కింద నిలబెట్టి పైకి చూడమనండి, మిగతా కథ వాళ్లే అల్లుకుంటారు.

ఒకప్పుడు చర్చి, ఇప్పుడు మసీదు అయిన అయా సోఫియాలో టికెట్ కొని పై గ్యాలరీకి వెళ్లండి. దక్షిణం వైపు జోయీ మొజాయిక్ బొమ్మ ఉంటుంది. మధ్యలో క్రీస్తు, ఒక పక్క జోయీ, ఇంకో పక్క డబ్బు సంచి పట్టుకున్న చక్రవర్తి. దగ్గరగా నిలబడి చక్రవర్తి మెడ చుట్టూ, పేరున్న అక్షరాల చుట్టూ చూడండి, అతుకు కనిపిస్తుంది. ఇప్పుడున్నది మూడో భర్త తొమ్మిదో కాన్‌స్టాంటైన్ మొహం. అంతకుముందు అక్కడ రోమనోస్ మొహమే ఉండేదని చాలామంది పండితుల అభిప్రాయం. మొగుడు మారితే బొమ్మ కొత్తగా వేయించలేదు, తల మార్పించారు. జోయీ మొహం, క్రీస్తు మొహం కూడా తిరిగి చేసినవే. దస్తావేజులో పేరు దిద్దిన చోట సిరా రంగు తేడా పట్టుకోవడం నా ఉద్యోగంలో భాగం కాబట్టి, ఆ ఫొటో ముందు నేను గంటసేపు కూర్చున్నాను. అదే గ్యాలరీ రాతిగోడ మీద హాఫ్‌డాన్ అని పేరు గీకిన ఉత్తరదేశపు లిపి కూడా ఉంది. పిల్లలకు అది భలే నచ్చుతుంది.

రాజమండ్రి నుంచి: ప్రతి ఒక్కడి పేరూ జాన్, మైకేల్, కాన్‌స్టాంటైన్. ఎవడు ఎవడో తెలియక రెండు నవలలు సగంలో పారేశాను.

పారేయకండి, పెన్సిలు పట్టుకోండి. అట్ట లోపల ముగ్గురు జాన్‌ల పేర్లు రాసి ఎదురుగా వాళ్ల ఉద్యోగం రాయండి. ఆ కాలంలో జనం కూడా ఊరు పేరో, ఇంటిపేరో, ఉద్యోగమో తగిలించే పిలుచుకున్నారు. మన ఊళ్లో నలుగురు సుబ్బారావులుంటే పోస్టుమాస్టరు సుబ్బారావు, రైసుమిల్లు సుబ్బారావు అనుకోమూ?

నెల్లూరు నుంచి ఒక గృహిణి: నా కథలో రాజుగారి విందు రాశాను. వంటకాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. (టమాటా పులుసు, మొక్కజొన్న రొట్టె, మిరపకాయల పచ్చడితో వేయించిన చేప.)

చేప ఉంచండి, మిగతావన్నీ తీసేయండి. టమాటా, మొక్కజొన్న, మిరప మూడూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. అప్పటికి ఆ ఊళ్లోనే కాదు, మన నెల్లూరులోనూ లేవు. కారం కావాలంటే మిరియాలు వేయండి, అవి మన దేశం నుంచే పోయేవి. పైన చెప్పిన వృత్తి సంఘాల పుస్తకంలో అత్తరు వర్తకులు అమ్ముకోదగ్గ సరుకుల్లో మిరియాలు, దాల్చినచెక్క, జటామాంసి, కస్తూరి ఉన్నాయి. వాళ్ల బల్లలు రాజమందిరం ద్వారం వైపు వరసగా పెట్టుకోవాలని నియమం కూడా ఉంది, సువాసన లోపలి దాకా పోవడానికి. మీ కథలో ఎవరైనా రాజమందిరంలోకి నడిచి వెళ్తుంటే ముందు ఆ వాసన రానివ్వండి.

విందు గురించి క్రెమోనా బిషప్ లియుట్‌ప్రాండ్ తిట్లు మీకు పనికొస్తాయి. 968లో జర్మనీ చక్రవర్తి తరఫున రాయబారిగా వచ్చి, తిండి విషయంలో ఏడ్చుకుంటూ వెళ్లాడు. ద్రాక్షసారాలో చెట్టు జిగురు కలిపారు, తాగలేకపోయానన్నాడు. నికెఫోరోస్ దయతలచి తన బల్ల మీది నుంచి పంపిన వంటకం గురించి కూడా రాశాడు. కొవ్వుపట్టిన మేకపిల్లలో వెల్లుల్లి, ఉల్లి, లీక్స్ కూరి, చేపల ఊటలో నానబెట్టిందట. ఆయన ఎగతాళిగానే రాశాడు గాని, నాకు చదువుతుంటే నోరూరింది. మీ వేయించిన చేప పక్కన ఆ మేకపిల్లను పెట్టండి. విషం కలపాలనుకుంటే చేపల ఊటలో కలపండి, ఆ వాసనకు ఇంకేదీ తెలియదు.